మీటర్ బాక్సులో పట్టిన తేనెటీగలను చంపకుండా పెట్టెలోకి ఎలా మార్చాలి?

హైదరాబాద్‌లో ఇంట్లో తేనెటీగలు కనిపిస్తే చాలు, పెస్ట్ కంట్రోల్ వాళ్లకి ఫోన్ చేస్తున్నారు, లేదంటే కిరోసిన్ గుడ్డ అంటించి తగలబెడుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు అది ఏ ఈగో చూడండి. సన్‌షేడ్ కిందో వాటర్ ట్యాంకుకో చాటంత పట్టు ఒక్కటే వేలాడుతుంటే అవి కొండ తేనెటీగలు. వాటి జోలికి వెళ్లొద్దు, అవి పెట్టెలో ఉండవు, సీజన్ అయిపోగానే వాటంతట అవే పోతాయి. మీటర్ బాక్సులో, గోడ కంతలో, మూలన పడేసిన కూలర్‌లో, అంటే చీకటి ఉన్న చోట వరసగా నాలుగైదు అట్టలు (మైనపు గదుల పలకలు) పెట్టుకుంటే అవి మన పుట్ట తేనెటీగలు. పెట్టెలోకి మార్చగలిగేది వీటినే.

కావాల్సినవి: పుట్ట ఈగలకని చేసిన చిన్న సైజు పెట్టె, ముఖానికి వల, పొగడబ్బా, పదునైన కత్తి, అరటినార, మూత ఉన్న గిన్నె. మీటర్ బాక్సు అయితే లైన్‌మన్‌ని పిలిచి కరెంటు తీయించాకే చెయ్యి పెట్టాలి. వానాకాలంలో వద్దు. సాయంత్రం అయిదు దాటాకే మొదలుపెట్టండి, కొబ్బరి పీచు పొగ రెండుసార్లు ఊదితే చాలు.

ఇప్పుడు అందరూ పాడుచేసే పని, అట్ట కట్టడం. ఈగ పిల్లలున్న అట్టల్ని పై అంచు దగ్గర తిన్నగా కోసి, గూట్లో ఎలా వేలాడుతున్నాయో అదే దిశలో పెట్టెలోని ఫ్రేమ్ (చెక్క చట్రం) పైకర్రకి ఆనించి, రెండు చోట్ల అరటినారతో కట్టాలి. తలకిందులు చేయకూడదు, ఎందుకంటే గదులన్నీ కొద్దిగా పైకి వాలి ఉంటాయి. నైలాన్ దారం, రబ్బర్ బ్యాండు అసలే వద్దు, మెత్తటి అట్టలోకి దిగిపోతాయి. అరటినార అయితే అట్ట అతుక్కున్నాక ఈగలే కొరికి గుమ్మం బయట పడేస్తాయి. తేనె నిండిన అట్టల్ని మాత్రం కట్టకండి, బరువుకి ఊడిపడి తేనె కారుతుంది, చీమలు వస్తాయి. అవి గిన్నెలో వేసి మూత పెట్టండి.

రాణి లోపలికి రాకపోతే ఇంత కష్టమూ వృథా. పొట్ట పొడవుగా, రెక్కలు పొట్టిగా, మిగతా వాటికంటే నల్లగా ఉంటుంది. కనిపించకపోతే టెన్షన్ పడకండి, ఈగల గుంపుని మెల్లగా పెట్టెలోకి దులిపి గుమ్మం చూస్తూ కూర్చోండి. కొన్ని ఈగలు తోక పైకెత్తి రెక్కలు ఆడిస్తూ నిలబడి, మిగతావి నడుచుకుంటూ లోపలికి పోతుంటే రాణి లోపలే ఉన్నట్టు. గుంపు మళ్లీ పాత కంత దగ్గరికే పోతుంటే రాణి అక్కడే ఉంది, మళ్లీ వెతకండి. పుట్ట ఈగలు ఇట్టే గూడు వదిలి పోతాయి కాబట్టి గుమ్మానికి రాణి గేటు, అంటే మామూలు ఈగలు దూరి రాణి మాత్రం దూరలేని సందులున్న గేటు పెట్టాలి. నాలుగైదు రోజుల్లో కాళ్లకి పుప్పొడి ముద్దలతో ఈగలు లోపలికి రావడం కనిపిస్తే గేటు తీసేయండి.

ఇంత తిప్పలెందుకు, ఇటాలియన్ ఈగల పెట్టె కొనుక్కుంటే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. 1962లో ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఆ ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది, నిజమే, కానీ పూలు లేని రోజుల్లో చక్కెర పాకం పోయాలి, పక్కన మన ఈగల గూడుంటే రెండూ ఒకదాని తేనె ఒకటి దోచుకుంటాయి. ఈగల్ని ఊళ్లూ దేశాలూ దాటిస్తే జబ్బులూ వెంటే వస్తాయి. వరోవా అనే నల్లి అసలు మన పుట్ట ఈగల మీదే ఉండేది, ఇవి దాన్ని ఏరి పారేస్తాయి. ఐరోపా ఈగల్ని (ఇటాలియన్ ఈగ కూడా ఆ జాతే) ఆసియాకి తెచ్చాక వాటికి అంటుకుని ప్రపంచమంతా పాకింది. ఈగ పిల్లల్ని చంపే శాక్‌బ్రూడ్ వైరస్‌లో థాయ్‌లాండ్‌లో 1976లో బయటపడ్డ రకం 1991-92లో దక్షిణాదిలో మన పుట్ట ఈగల్ని ఊడ్చిపెట్టింది, కేరళలో అయితే దాదాపు అన్ని పెట్టెలూ ఖాళీ అయ్యాయి. టెర్రస్ మీద పెట్టుకోవడానికి మన వేప, కానుగ, చింత పూలకి అలవాటు పడ్డ ఈగే సరైనది.

పెట్టెని పాత గూడున్న చోటే, గుమ్మం అదే వైపు ఉండేలా పెట్టి చీకటి పడేదాకా వదిలేయండి. తర్వాత అక్కడే ఉంచండి, లేదా రాత్రికి రాత్రే మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్లండి, అలా కాకుండా అదే ఇంటి టెర్రస్ మీదకి వెంటనే మారిస్తే మేతకెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి చస్తాయి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. పాత కంతలో మైనం అంతా గీకి సిమెంటుతో మూసేయండి, లేకపోతే ఆ వాసనకి ఇంకో గుంపు వచ్చి చేరుతుంది.