సంఘ పరిచర్యకు స్వచ్ఛంద సేవకులను చేర్చుకోవడం, నిలుపుకోవడం

ఆరాధన ముగింపులో అందరినీ ఉద్దేశించి చేసే ప్రకటనకు స్పందన తరచుగా తక్కువే ఉంటుంది కాబట్టి, ఒక విశ్వాసికి ఉన్న వరాన్ని గమనించి, ఆయనను విడిగా కలిసి, పని ఏమిటో, వారానికి ఎన్ని గంటలో, ఎన్ని నెలలో స్పష్టంగా చెప్పి అడగండి. బైబిల్లోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్ర అనుదిన పరిచర్య కోసం ఏడుగురిని ఏర్పరచినప్పుడు, ఎలాంటివారు కావాలో అపొస్తలులు ముందే చెప్పారు. ఎంపిక తరువాత ప్రార్థించి వారి మీద చేతులుంచారు.

పిల్లల పరిచర్యలో మాత్రం తొందర పనికిరాదు. రాబోయేవారిని గురించి తెలిసినవారి దగ్గర విచారించాలి, పిల్లల దగ్గర ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి. సేవకులు ఎంత తక్కువగా ఉన్నా ఈ నియమాన్ని సడలించకండి.

నిలుపుకోవడం ఇంతకంటే కష్టం. అలసట వల్లనే ఎందరో తప్పుకుంటారు. కాదనలేని నలుగురి మీదే భారమంతా మోపడం, నా దృష్టిలో, సంఘం వారికి చేసే అన్యాయం. కొత్తవారిని కొన్ని వారాలు అనుభవజ్ఞుల పక్కన ఉంచి నేర్పించండి, వంతుల పట్టికను ముందుగానే ఇవ్వండి, సేవకులు కూడా ఏ బాధ్యతా లేకుండా ఆరాధనలో కూర్చునే ఆదివారాలు మిగిలేలా చూడండి. కృతజ్ఞత చెప్పేటప్పుడు వారు చేసిన పనిని పేర్కొనండి. గడువు ముగిశాక ఎవరైనా విరమించుకుంటామంటే, నిందించకుండా ప్రార్థించి పంపండి. అలా గౌరవంగా వెళ్లినవారిని మరో అవసరం వచ్చినప్పుడు నిస్సంకోచంగా మళ్లీ అడగవచ్చు.