తంబూరా శ్రుతి చేసుకోవడం: పడమటి మాంబళం మేడ మీద పాఠం

చెన్నైలో ఖయాల్ అనే హిందుస్తానీ గానం నేర్పుతానంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది కర్ణాటక సంగీతంలో వర్ణాలదాకా వచ్చినవాళ్లే. అందరూ మొదటిరోజే అడుగుతారు: "ఫోన్లో తంబూరా యాప్ ఉంది కదమ్మా, ఇదంతా దేనికి?" యాప్ మంచిదే. ప్రయాణాల్లో నేనూ అదే పెట్టుకుంటాను. కాకపోతే అందులో శ్రుతి ఎవరో చేసిపెట్టేశారు, మీ చెవికి పని లేదు.

ముందు మీ శ్రుతి తేల్చుకోండి. మీరు ఐదున్నర శ్రుతి అనేదాన్ని మా హిందుస్తానీవాళ్లు కాలీ చార్ అంటారు, అంటే హార్మోనియంలో నాలుగో నల్లమెట్టు. మగవాళ్ల ఒకటిన్నర, కాలీ ఏక్. పేరే మారింది, గొంతు మీదే.

తీగలు నాలుగు. మీటే వరుసలో మొదటిది పంచమం (ప), తర్వాతి రెండూ ఒకే షడ్జానికి (స) కలిపే జోడీ, ఆఖరిది ఖరజ్ అనే లావుపాటి ఇత్తడి తీగ. ఆ వరుసలో శ్రుతి చేయబోకండి, జోడీతో మొదలుపెట్టండి. బ్రిడ్జి కింద తీగలకున్న పూసల్ని ముందు మధ్యకి తెచ్చుకోండి, ఆఖరున అటూ ఇటూ జరపడానికి చోటుండాలి. తీగ చుట్టుకునే పైకొయ్యను, అంటే బిరడాను, లోపలికి నొక్కుతూ తిప్పాలి. అయినా జారుతుంటే కాస్త సుద్దముక్క రుద్దండి. ఏ బిరడా ఏ తీగదో వేలితో తీగ వెంటే పైకి వెళ్లి చూసుకోండి. ధార్వాడలో నేర్చుకునే కొత్తలో నేను పంచమం అనుకుని పక్క బిరడా తిప్పాను. జోడీ తీగ పుటుక్కున తెగి మణికట్టు మీద కొట్టింది. గురువుగారు ఏమీ అనలేదు, కొత్త తీగ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అది ఎక్కించడానికి సాయంత్రమైంది.

జోడీలో ఒకదాన్ని మీ షడ్జానికి తెచ్చాక రెండోదాన్ని దానితో కలపండి. కలవకముందు రెండూ కలిసి మోగితే ధ్వని ఊగుతుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ ఊగు నెమ్మదిస్తుంది, సరిగ్గా కలిసిన క్షణాన ఆగిపోతుంది. ఇక్కడ బిరడా వదిలేసి పూసతో పని చేయండి. ఆ తర్వాత ఖరజ్‌ను మంద్ర (కింది స్థాయి) షడ్జానికి, మొదటి తీగను మంద్ర పంచమానికి తెచ్చుకోండి.

ఇక దారం. మీరు జీవా అంటారు, మేం జవారీ తెరవడం అంటాం. బ్రిడ్జి మీద తీగ కింద ఉన్న నూలుపోగును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ మీటండి. పొడిగా టక్కుమంటున్న తీగ ఒకచోట జుమ్మని విచ్చుకుంటుంది. అక్కడ ఆపండి. ఇప్పుడు ఖరజ్ ఒక్కదాన్నే మీటి, ఆ ధ్వని తగ్గిపోయేదాకా వినండి. ఎవరూ మీటని గాంధారం ఒకటి పైన సన్నగా పలుకుతుంది, మీ అంతర గాంధారం. అది వినబడేదాకా నేను యమన్ రాగం మొదలుపెట్టను. యమన్ అంటే మీ కళ్యాణే కదా, దాని గాంధారం ఎక్కడ నిలపాలో ఆ తీగే చెబుతుంది. ఒకమ్మాయికి ఇది వినబడటానికి మూడు వారాలు పట్టింది. వినబడినరోజు పాఠం మానేసి మీటుతూనే కూర్చుంది.

పంచమం లేని రాగాలకి మొదటి తీగ మార్చాలి. మాల్కౌంస్‌కి మధ్యమం, మార్వాకి నిషాదం. మాల్కౌంస్ మీ హిందోళమే. మీ కచేరీల్లో హిందోళానికి కూడా సాధారణంగా పంచమమే మోగుతుంటుంది కాబట్టి ఈ మార్పు మొదట్లో వింతగా ఉంటుంది. పేర్లు చూసి మోసపోకండి: మా తోడి స్వరాలు మీ శుభపంతువరాళివి, మీ తోడి స్వరాలు మా భైరవివి. ఈ రెండు ఒడ్లూ తొక్కినవారు కిరానా ఘరానా అనే హిందుస్తానీ గాన సంప్రదాయానికి చెందిన అబ్దుల్ కరీం ఖాన్. ఖరహరప్రియలో త్యాగరాజ కీర్తన పాడి రికార్డు ఇచ్చారు. 1937లో మద్రాసు నుంచి పుదుచ్చేరి వెళ్తూ సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్లో కన్నుమూశారు. చెంగల్పట్టు లోకల్ అక్కడ ఆగినప్పుడల్లా నేను కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తాను.

ఈ ఊళ్లో అసలు శత్రువు వాతావరణం. సముద్రపు గాలికి ఇత్తడి తీగ నల్లబడి మొద్దుబారుతుంది. తుడుస్తూ కూర్చోకండి, మార్చేయండి. మహారాష్ట్రలోని మిరజ్‌లో చేసే తంబూరాది సొరకాయ బుర్ర, చిన్న దెబ్బకే పగులుతుంది. రైల్లో తీసుకెళ్తే తీగలు వదులు చేయండి. ఏసీ ఇంకో తలనొప్పి. ఒక సభలో చల్లటి గదిలో శ్రుతి చేసుకుని వేదికెక్కాను. లైట్ల వేడికి తీగలు సాగి దిగిపోయాయి, మొదటి ఆలాపంతా దిగిన పంచమంతోనే పాడాను. ఇప్పుడు మా మేడ మీద పాఠానికి పావుగంట ముందే ఏసీ ఆపేస్తాం. తీగలు గది వేడికి సర్దుకునేలోగా కాఫీ తాగేసి, అప్పుడు బిరడా మీద చెయ్యి వేస్తాం.