రొట్టెల పండగ వీడియోలు యూట్యూబ్‌లో పెట్టే ముందు ఇవి చూసుకోండి

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి కెమెరా పట్టుకుని బయల్దేరే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క నిమిషం.

వేరేవాళ్ల వీడియో ముక్కలు దించుకుని మీ ఛానల్లో కలపొద్దు. హక్కుదారు ఫిర్యాదు చేసి తీయిస్తే కాపీరైట్ స్ట్రైక్ (హక్కులు ఉల్లంఘించారన్న మచ్చ) పడుతుంది, 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు, ఏళ్లపాటు పెట్టిన వీడియోలన్నీ దాంతోపాటే.

వెనక మోగే సినిమా పాట విషయంలో జాగ్రత్త. పోయినసారి మోకాల్లోతు నీళ్లలో ఒకమ్మ రొట్టె అందుకుంటూ కళ్లు తుడుచుకోవడం ఎంతో బాగా వచ్చింది, కానీ గాజుల కొట్టు స్పీకర్లో పాటని కంటెంట్ ఐడీ (వేరేవాళ్ల పాటల్ని, వీడియోల్ని తనంతట తానే గుర్తుపట్టే యూట్యూబ్ ఏర్పాటు) పట్టేసింది, యాడ్ డబ్బులన్నీ పాట కంపెనీకే పోయాయి. స్పీకర్లకి దూరంగా జరిగి తీయండి.

పది సెకన్లే కదా, క్రెడిట్ ఇచ్చాం కదా అనుకోవద్దు. అలాంటి మినహాయింపేమీ లేదు.

అప్‌లోడ్‌లో చెక్స్ (కాపీరైట్ ఇబ్బంది ఉందేమో యూట్యూబ్ చూసే దశ) అయ్యాకే పబ్లిక్ చేయండి, క్లెయిమ్ (అది మాదని హక్కుదారు తరఫున పడేది) ముందే తెలుస్తుంది, పాట తీసేయొచ్చు.

క్లెయిమ్ తప్పని గట్టిగా తెలిస్తే అది పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. అప్పుడు మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బుని విషయం తేలేదాకా పక్కన ఉంచుతారు, ఆలస్యమైతే ముందు రోజులవి పోయినట్టే.

మ్యూజిక్ కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగానే ఉంది.