సర్వర్‌లో పెట్టిన పైథాన్ యాప్ తెరుచుకోవట్లేదా? తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

మన కంప్యూటర్‌లో బంగారంలా నడిచిన యాప్ సర్వర్‌లో పెట్టగానే 502 బ్యాడ్ గేట్‌వే అని మొహం చూపిస్తే ఎవరికైనా టెన్షనే. ఆ కంగారులో కనిపించిన సెట్టింగల్లా మార్చేసి, రీస్టార్ట్ కొట్టి, మళ్లీ పేజీ తెరిచి చూస్తాం. అరగంట గడిచేసరికి అసలు తప్పుకి మనం కొత్తగా చేసినవి నాలుగు తోడవుతాయి. అందుకే దేన్నీ ముట్టుకోకముందు, వచ్చిన రిక్వెస్ట్ ఎంతదాకా వెళ్లి ఆగిపోయిందో చూడాలి.

లినక్స్ సర్వర్ మీద ముందు ఎన్‌జినెక్స్ (బయటి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్), దాని వెనక గునికార్న్ (పైథాన్ యాప్‌ని నడిపే సర్వర్), అందులో జాంగో, ఫ్లాస్క్ లాంటి పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసిన యాప్ ఉన్నాయనుకుందాం. గునికార్న్‌ని సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి, చూసుకునే ప్రోగ్రామ్) సర్వీస్‌గా నడుపుతున్నాం.

1. ముందు నంబర్ చూడండి

502 అంటే ఎన్‌జినెక్స్ బాగానే ఉంది, దానికి వెనక నుంచి సరైన జవాబు రాలేదు. 500 అయితే చాలావరకు రిక్వెస్ట్ యాప్ దాకా వెళ్లింది, కోడ్‌లోనే ఏదో పేలింది. జాంగోలో 400 వస్తే, యాప్ ఏ డొమైన్ పేర్లకు పలకాలో చెప్పే అలౌడ్ హోస్ట్స్ జాబితాలో మీ డొమైన్ పేరు ఉందో లేదో చూడండి. ఏ నంబరూ లేకుండా పేజీ తిరుగుతూనే ఉంటే ఫైర్‌వాల్‌లో 80, 443 పోర్టులు తెరిచారా, డొమైన్ ఈ సర్వర్ ఐపీకే వెళ్తోందా అన్నది ముందు తేల్చుకోండి.

2. గునికార్న్ బతికే ఉందా?

నా అనుభవంలో సగానికి పైగా కేసులు ఇక్కడే తేలిపోతాయి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కమాండ్‌తో మీ సర్వీస్ పరిస్థితి చూడండి. ఫెయిల్డ్ అని ఉంటే పక్కన ఉండే కోడ్‌ని వదలకండి. 203 అంటే సర్వీస్ ఫైల్‌లో చెప్పిన ప్రోగ్రామ్‌ని నడపడం కుదరలేదని. చాలాసార్లు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ (ఈ యాప్ ప్యాకేజీల కోసం విడిగా పెట్టుకున్న పైథాన్ ఫోల్డర్) లోని గునికార్న్‌కి రాసిన దారి తప్పయి ఉంటుంది. 200 అంటే వర్కింగ్ డైరెక్టరీలోకి వెళ్లలేకపోయింది. ఒకసారి నేను రెండు గంటలు ఎన్‌జినెక్స్ సెట్టింగులతో కుస్తీ పట్టాక, ఈ 200 కంటపడింది. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తేడా, అంతే.

కోడ్ 3 అయితే గునికార్న్ మొదలైంది గానీ యాప్‌ని లోడ్ చేయలేకపోయింది. జర్నల్‌సీటీఎల్‌తో ఆ సర్వీస్ లాగ్ తెరిస్తే చివర్లో ‘వర్కర్ ఫెయిల్డ్ టు బూట్’ అని కనిపిస్తుంది (వర్కర్ అంటే రిక్వెస్టులకు జవాబిచ్చే గునికార్న్ ప్రాసెస్). ఆ వాక్యం దగ్గర ఆగిపోకండి, దానివల్ల మనకి తెలిసేదేమీ లేదు. కాస్త పైకి వెళ్తే ట్రేస్‌బ్యాక్ (తప్పు కోడ్‌లో ఎక్కడ జరిగిందో చూపే లైన్లు) ఉంటుంది, దాని ఆఖరి లైన్‌లో అసలు విషయం ఉంటుంది. ‘నో మాడ్యూల్ నేమ్డ్’ అంటూ ఏదో ప్యాకేజీ పేరు ఉంటే అది సర్వర్‌లోని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో లేదన్నమాట. ‘కీ ఎర్రర్’ అంటూ సీక్రెట్ కీ లాంటి పేరు వస్తే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అందలేదు. మనం లాగిన్ అయినప్పుడు బ్యాష్ ఫైల్ నుంచి వచ్చే వేరియబుల్స్‌ని సిస్టమ్‌డీ చదవదు. చేత్తో నడిపితే పనిచేసే యాప్ సర్వీస్‌గా నడవకపోవడానికి ఇదొక పెద్ద కారణం. వాటిని విడిగా ఒక ఫైల్‌లో రాసి, ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ అనే లైన్‌తో సర్వీస్ ఫైల్‌కి చెప్పాలి. సర్వీస్ ఫైల్‌లో ఏం మార్చినా ముందు డెమన్ రీలోడ్, తర్వాత రీస్టార్ట్.

3. లోపలి నుంచే తలుపు తట్టండి

సర్వీస్ నడుస్తోందంటే సర్వర్‌లోనే ఉండి కర్ల్ కమాండ్‌తో 127.0.0.1:8000 (అంటే ఇదే సర్వర్, 8000 పోర్టు) అడగండి. మీరు వేరే పోర్టో, సాకెట్ ఫైలో (పోర్టు బదులు ఎన్‌జినెక్స్, గునికార్న్ మాట్లాడుకునే ఫైల్) ఇవ్వకపోతే గునికార్న్ వినేది అక్కడే. జవాబు వస్తే యాప్ తప్పేమీ లేదు, సమస్య ఎన్‌జినెక్స్‌కీ దానికీ మధ్యలో ఉంది. జాంగో ఇక్కడ 400 అన్నా కంగారుపడొద్దు. మీరు డొమైన్ పేరుతో కాకుండా ఐపీతో పిలిచారు కాబట్టి అలా అంది. పలికింది కదా, మనకి అదే కావాలి.

4. ఎన్‌జినెక్స్ ఎర్రర్ లాగ్

502 వచ్చిన క్షణంలో ఈ లాగ్‌లో ఒక లైన్ పడుతుంది. అందులో బ్రాకెట్లో ఉన్న నంబర్ చూడండి. 111 ఉంటే ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు. 2 ఉంటే సాకెట్ ఫైల్ అసలు ఆ చోట లేదు, ఎన్‌జినెక్స్ కాన్ఫిగ్‌లో, గునికార్న్ సర్వీస్ ఫైల్‌లో రాసిన దారులు పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

13 మాత్రం కాస్త సతాయిస్తుంది. అది పర్మిషన్ తేడా. సాకెట్ ఫైల్‌కి అన్ని హక్కులూ ఇచ్చినా 13 పోవట్లేదంటే పై ఫోల్డర్లను చూడాలి. ఎన్‌జినెక్స్ తన యూజర్ పేరుతో ఆ దారిలోని ప్రతి ఫోల్డర్‌లోంచీ దాటి వెళ్లగలగాలి. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తయారయ్యే హోమ్ ఫోల్డర్లకు పర్మిషన్ 750 ఉంటుంది, అంటే బయటి యూజర్లకు గుమ్మంలోనే అడ్డు. నేమై కమాండ్‌కి పూర్తి దారి ఇస్తే ఏ మెట్టు దగ్గర ఆగిందో వరుసగా చూపిస్తుంది. విసుగొచ్చి అన్నిటికీ 777 (అందరికీ అన్ని హక్కులూ) పెట్టేయకండి. సాకెట్‌ని హోమ్ బయట, రన్ ఫోల్డర్ కింద పెట్టుకోవడం మేలు.

కాన్ఫిగ్ మార్చాక ఎన్‌జినెక్స్‌ని టెస్ట్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, తప్పుల్లేవన్నాకే రీలోడ్ చేయండి.

5. తెరుచుకుంది గానీ...

రంగులు, బొమ్మలు లేకుండా పేజీ బోసిగా వస్తే అది స్టాటిక్ ఫైళ్ల (సీఎస్ఎస్, బొమ్మల్లాంటివి) గొడవ. డీబగ్ (తప్పుల వివరాలు పేజీలోనే చూపించే సెట్టింగ్) ఆఫ్ చేశాక జాంగో వాటిని తనంతట తాను వడ్డించదు. వాటన్నిటినీ ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ కమాండ్ నడిపి, ఆ ఫోల్డర్‌ని ఎన్‌జినెక్స్‌కి చూపించాలి.

మామూలు పేజీలు వచ్చి, పెద్ద రిపోర్టు దగ్గర మాత్రం 502 వస్తోందా? గునికార్న్ మామూలుగా 30 సెకన్లు చూసి వర్కర్‌ని చంపేస్తుంది, ఎన్‌జినెక్స్ 60 సెకన్లు ఆగుతుంది. అందుకే ఆలస్యమైన పేజీకి 504 (గేట్‌వే టైమౌట్) బదులు 502 కనిపిస్తుంది. గునికార్న్ లాగ్‌లో ‘వర్కర్ టైమౌట్’ ఉంటే ఇదే. టైమౌట్ పెంచితే ఈ పూటకి గడుస్తుంది, కానీ ఆ క్వెరీ ఎందుకంత నెమ్మదో చూడక తప్పదు. ఫైల్ అప్‌లోడ్ చేస్తే 413 వస్తోందా? ఎన్‌జినెక్స్ మామూలుగా ఒప్పుకునేది 1 ఎంబీ వరకే.

500 కారణం దొరక్క డీబగ్ ఆన్ చేయాలనిపిస్తుంది. లైవ్ సర్వర్‌లో ఆ పని చేయకండి. ఎర్రర్ పేజీలో మీ కోడ్ ముక్కలు, సెట్టింగుల వివరాలు దారిన పోయేవాళ్లందరికీ కనిపిస్తాయి. అదే ట్రేస్‌బ్యాక్ జర్నల్‌లో పడేలా లాగింగ్ పెట్టుకోవడానికి పది లైన్ల సెట్టింగ్ చాలు.