సంతకం ఉన్న పుస్తకాన్ని ఆన్‌లైన్ వేలంలో పెట్టే ముందు

మా బాపు బడిపంతులు. హన్మకొండలో సాహిత్య సభ ఎక్కడున్నా సైకిలేసుకుని వెళ్లి, పుస్తకం కొని, రచయిత చేత సంతకం పెట్టించుకుని వచ్చేవాడు. ఆయన పోయాక కుమార్‌పల్లి ఇల్లు ఖాళీ చేస్తుంటే రెండు ఇనుప పెట్టెల నిండా అవే బయటపడ్డాయి. మా ఇంట్లో చెదల పాలయ్యే కన్నా కోరి కొనేవాళ్ల దగ్గరుంటే మేలనిపించి, ఒక్కొక్కటిగా వేలానికి పెడుతున్నాను.

ముందు సంతకం సంగతి తేల్చుకోవాలి. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని, పేజీ మీద వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకోండి. బాల్‌పెన్నుతో రాస్తే కాగితం మీద గాడి పడుతుంది, వెనక వైపు వేలితో తడిమితే తెలుస్తుంది. ఇంకుపెన్నుకు గాడి తక్కువ. భూతద్దంతో చూస్తే గీత అంచుల్లో సిరా కాగితం పోగుల్లోకి పాకి ఉంటుంది, చేయి ఆగిన చోట ముదురుగా, జారిన చోట పలచగా కనిపిస్తుంది. బ్లాకు చేసి అచ్చేసిన సంతకంలో ఈ హెచ్చుతగ్గులుండవు. ముందుమాట చివర ఉండేది చాలాసార్లు అలాంటి అచ్చు సంతకమే, దాన్ని అమ్మకానికి పెట్టకండి.

తర్వాత ముద్రణ వివరాల పేజీ. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎన్ని ప్రతులు అన్నవి అక్కడే ఉంటాయి. కాళోజీ 2002 నవంబర్‌లో, సినారె 2017 జూన్‌లో కన్నుమూశారు. 2005లో అచ్చయిన ప్రతి మీద కాళోజీ సంతకం ఉండే వీలే లేదు.

సంతకం పైన బాపు పేరు ఉంటే ధర పడిపోతుందని నన్ను ఒకరు భయపెట్టారు. బ్లేడుతో గీకేద్దామా అనుకున్నాను కూడా. చేయనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. ఆ పేరే ఆ సంతకానికి సాక్ష్యం. ఆ రోజు సభ ఆహ్వాన పత్రమో, ఫొటోనో దొరికితే దాన్నీ జత చేయండి. పుస్తకం మీ ఇంటికెలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో నిజం రాయండి. సెల్లోటేపు అంటించడం, లామినేషన్, కొత్త బైండింగ్ వద్దు.

లోపాలు దాచకండి. నా మొదటి అమ్మకంలో సంతకం పేజీ ఫొటో ఒక్కటే పెట్టాను. లోపల పన్నెండు పేజీలకు పురుగు కొట్టిన రంధ్రాలున్నాయని చెప్పలేదు. కొన్నాయన పుస్తకం తిప్పి పంపారు, రానుపోను పోస్టు ఖర్చు నాదే. ఆయన కోపం న్యాయమైనదే. అప్పటి నుంచి అట్ట, వెన్ను, తేమ మరక, రంధ్రం అన్నిటికీ ఫ్లాష్ లేకుండా ఫొటో తీస్తున్నాను.

ఇంతకు తగ్గితే ఇవ్వలేను అనుకున్న మొత్తాన్ని రిజర్వు ధరగా పెట్టి, ప్రారంభ ధర తక్కువలో ఉంచండి. వేలం సైటు కమిషన్ ఎంత, ఎవరి నుంచి పట్టుకుంటారో ముందే చదువుకోండి. వేలం పాటలు చాలావరకు ఆఖరి నిమిషాల్లోనే వస్తాయి, అప్పటిదాకా టెన్షన్ పడొద్దు. బంధువులతో పాట పెంచించడం మాత్రం మోసం.

ఉత్తరాలు, చేతిరాత ప్రతులైతే ఇంకో రెండు సంగతులు. సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని మనం విదేశాలకు పంపకూడదు. ఉత్తరం అమ్మితే కొన్నవారికి దక్కేది కాగితమే. అందులోని రాతను అచ్చేసుకునే హక్కు మామూలుగా రచయితది, ఆ తర్వాత వారసులది.

ప్యాకింగులో మొదట తెల్లకాగితం, దాని మీద ప్లాస్టిక్ కవరు, రెండు వైపులా పుస్తకం కన్నా అంగుళం పెద్ద అట్టలు. వానాకాలమైతే ఇంకో కవరు చుట్టండి. ఇన్సూరెన్స్ చేయించి స్పీడ్ పోస్టులో వేయండి. రసీదు ఫొటో ఆ రోజే కొన్నవారికి పంపండి, పుస్తకం చేతికందేదాకా వాళ్లకూ ఆరాటమే.