ఈశాన్య వానలు దిగకముందే సెప్టిక్ ట్యాంకు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) చూసుకోండి

తిరుపతి, చిత్తూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో కొండ మీది నీళ్లు కపిలతీర్థం మీదుగా ఊళ్లోకి దూకింది ఎవరూ మరచిపోలేదు. అందుకే మురుగు పనులు సెప్టెంబరులోనే ముగించుకోవాలి. నేల నానాక మొదలుపెడితే పని కాకపోగా ట్యాంకే పోవచ్చు.

ముందు మడ్డి ఎంతుందో కొలవండి. పొడవాటి కర్రకు కింది కొస నుంచి మూడడుగుల దాకా తెల్లటి పాత గుడ్డ చుట్టి, ట్యాంకు అడుగు తగిలేదాకా నిలువుగా దించండి. ఐదు నిమిషాలాగి మెల్లగా పైకి తీస్తే గుడ్డకు నల్లగా అంటుకున్నంత మేర మడ్డి ఉన్నట్టు. ట్యాంకులో నీటి లోతు 4 అడుగులైతే, మడ్డి 16 అంగుళాలు, అంటే మూడో వంతు, దాటిందంటే మడ్డి తోడే బండి పిలవాల్సిందే. మామూలుగా 2, 3 ఏళ్లకోసారి ఆ అవసరం పడుతుంది. ఏదో పొడి వేస్తే మడ్డి అంతా కరిగిపోతుందని అమ్మేవాళ్లను నమ్మకండి. కావలసిన సూక్ష్మజీవులు మలంతోపాటే రోజూ ట్యాంకులోకి వస్తున్నాయి.

బండి వచ్చినప్పుడు రెండు గదులూ తోడించండి. అడుగున 2 అంగుళాల మడ్డి వదిలేయమనండి, కొత్త మురుగుకు అదే తోడు. కడిగి శుభ్రం చేయించాల్సిన పని లేదు. తోడిన వెంటనే ట్యాంకును మంచినీళ్లతో నింపాలి. చాలామంది వదిలేసేది ఇదే. 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు ఉన్న ట్యాంకులో సుమారు 7 వేల లీటర్లు పడతాయి. అది ఖాళీగా ఉండగా చుట్టూ భూమిలో నీళ్లు పైదాకా వచ్చాయంటే కింది నుంచి 7 టన్నుల తోపుడు. ఫైబర్ ట్యాంకైతే పడవలా పైకి లేస్తుంది, పైపులు ఊడతాయి. ఇటుక ట్యాంకుకైతే అడుగు పగులుతుంది. వానల మధ్యలో ట్యాంకు నిండిందని హడావిడిగా తోడించవద్దనేది ఇందుకే. ఇంట్లో నీళ్ల వాడకం తగ్గించి, భూమిలో నీటిమట్టం దిగేదాకా ఓపిక పట్టడం మేలు.

మిద్దె మీది వాననీటి పైపు ట్యాంకులోకి గానీ, దాని చాంబర్లోకి గానీ కలిపి ఉంటే ఈరోజే విడగొట్టించండి. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9 వేల లీటర్ల పైమాటే. మన 7 వేల లీటర్ల ట్యాంకును అది పూర్తిగా కలచివేసి, మడ్డిని ఇంకుడు గుంతలోకి తోసేస్తుంది. ఒకసారి మడ్డి పట్టిన ఇంకుడు గుంత మళ్లీ నీళ్లు పీల్చదు. మూత అంచులకు సిమెంటు పట్టించండి. గాలి గొట్టం మాత్రం మూయకండి. ఇల్లు వీధి కంటే పల్లంగా ఉంటే బయటికి పోయే లైనులో ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు) వేయించండి, లేకపోతే కాలువ పొంగినప్పుడు మురుగు కింది అంతస్తు బాత్‌రూములో తేలుతుంది.

ఎంత చిన్న పనికైనా మనిషిని లోపలికి దించవద్దు. ట్యాంకులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100) దాటితే ముక్కు మొద్దుబారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన ఆగిపోతుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు పైకి రాడు, వాణ్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. మండే వాయువు మీథేన్ ఉంటుంది గనుక మూత దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దించడం నేరం. 2023లో సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షలు చేసింది.

అపార్ట్‌మెంట్లో ఎస్‌టీపీ ఉంటే పని వేరు. బ్లోయరుతో గాలి ఎక్కించే ట్యాంకు నుంచి ఒక లీటరు నీళ్లు గాజు జాడీలో పట్టి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. కింద చేరిన మడ్డి 200 నుంచి 300 మిల్లీలీటర్ల గీత మధ్య, గోధుమ రంగులో, పైన తేట నీళ్లు ఉంటే బాగున్నట్టు. 500 దాటితే రోజుకు కొంచెం చొప్పున మిగులు మడ్డి తీసేయండి. ఒక్కరోజులో అంతా తోడేస్తే సూక్ష్మజీవులు కరువైపోతాయి. వానకు వచ్చే నీటి పోటు, తేర్చే ట్యాంకులో బరువెక్కిన మడ్డిని అంచు దాటించి బయటికి తోసేస్తుంది కాబట్టి ఈ పని ముందే కావాలి. జాడీలో నల్లగా, కంపు కొడుతూ ఉంటే గాలి చాలడం లేదు: బ్లోయర్ ఫిల్టరు, బెల్టు, అడుగున మూసుకుపోయిన డిఫ్యూజర్లు (గాలి బుడగలు వదిలేవి) చూడాలి. నీటిలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాలి. వానల్లో కరెంటు పోతుంది, కాబట్టి జనరేటరుకు లిఫ్టుతోపాటు బ్లోయరునూ కలపండి. వానరోజు మురుగు పోగయ్యే తొట్టిని ముందే సగానికి దించి ఉంచి, పంపు మామూలు వేగంతోనే నడపండి. తొందరపడి వాల్వు పూర్తిగా తెరవొద్దు.

ఎండబెట్టే ఇసుక పడకల్లో మడ్డి ఉంటే ఇప్పుడే గీకించండి. ఎండలో 10 నుంచి 15 రోజుల్లో ఆరేది వానలో ఆరదు, తిరిగి నీరై కాలువలో కలుస్తుంది. ఎండినా అందులో నులిపురుగుల గుడ్లు చావవు, ఆకుకూరల మడికి వేయకండి. బండివాడు తోడిన మడ్డిని ఎక్కడ పోస్తాడో కూడా అడగండి. చెరువు గట్టునో, స్వర్ణముఖి నది ఇసుకలోనో అన్నాడంటే వేరే బండి పిలవండి.

వరద నీళ్లు సంపులోకి చేరితే తాగవద్దు. సంపు తోడి కడిగి, కొత్త నీళ్లకు 1,000 లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు విడిగా బకెట్లో కలిపి, తేరిన నీటినే పోసి, గంటాగి వాడండి.