పియానో పీస్ నోట్స్ (స్వరాలు రాసిన కాగితం) చూడకుండా వాయించాలంటే ఎలా?

నల్గొండలో నా దగ్గర కీబోర్డు నేర్చుకునే పిల్లలు తరచూ చెప్పే మాట ఇది: “ఇంట్ల మంచిగనే వస్తది సార్, స్టేజీ ఎక్కితే మర్చిపోతున్న.” పీస్ వేళ్లకు మాత్రమే వచ్చినప్పుడు అలాగే అవుతుంది. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లాణ్ణి ఏడెనిమిదులెంత అని అడిగి చూడండి. ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెడతాడు.

కొత్తవాళ్లకు నేను ముందుగా ఇచ్చేది జి మేజర్ మినుయెట్ అనే చిన్న పీస్. మినుయెట్ అంటే పాతకాలపు యూరప్ నాట్య సంగీతం. జర్మన్ స్వరకర్త బాఖ్ కుటుంబం 1725 నాటి నోట్‌బుక్‌లో ఉండటం వల్ల చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు కానీ, రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్ అనే మరో స్వరకర్త. మొత్తం 32 బార్లు (తాళం లెక్కన గీతలతో విడగొట్టిన గడులు). 88 కీల పియానో లేకపోయినా 61 కీల కీబోర్డు సరిపోతుంది.

ముందు ఏ స్వరానికి ఏ వేలో పెన్సిల్‌తో రాసుకోండి. బొటనవేలు 1, చిటికెన వేలు 5. ఈ మినుయెట్‌లో కుడిచేతి మొదటి స్వరం డి, దానికి చిటికెన వేలు. తర్వాత జి, ఎ, బి, సి మీద బొటనవేలి నుంచి వరసగా నాలుగు వేళ్లు. రెండో బార్‌లో డికి మళ్లీ చిటికెన వేలే. ఒకసారి రాసుకున్నాక రోజుకో రకంగా మార్చొద్దు. మొదట్లో ఎడమచేయి జి, బి, డి కలిపి నొక్కుతుంది. అది జి కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) అని తెలిస్తే మూడు స్వరాలు విడివిడిగా గుర్తుపెట్టుకునే పని లేదు.

తర్వాత నాలుగేసి బార్ల చొప్పున ఎనిమిది ముక్కలు చేయండి. చివరి ముక్కతో మొదలుపెట్టి వెనక్కి రండి. అప్పుడు వాయిస్తూ ముందుకు వెళ్లేకొద్దీ బాగా వచ్చిన చోటుకే చేరతారు, టెన్షన్ తగ్గుతుంది. ప్రతి ముక్కలో ముందు ఎడమచేయి, తర్వాత కుడిచేయి, ఆ తర్వాతే రెండూ. స్టేజీ మీద ముందు తడబడేది ఎడమచేయే, అందుకే దానికి మొదటి చోటు. మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ వేగం చూపే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే నాలుగు పెంచండి. తప్పుతో పదిసార్లు వాయిస్తే వేళ్లు ఆ తప్పునే నేర్చుకుంటాయి. దయచేసి తొందరపడొద్దు. గంటసేపు ఒకేసారి కూర్చోవడం కంటే పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మేలు.

అన్ని ముక్కలూ వచ్చాక ఒకటి నుంచి ఎనిమిది వరకు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేయండి. ఏ నంబరు వస్తే అక్కడి నుంచి ఎత్తుకోవాలి. ఈ ఆట ఆడిన పిల్లలు స్టేజీ మీద మధ్యలో తడబడినా, మొదటికి పోకుండా తర్వాతి ముక్క అందుకోవడం నేను చూశాను.

కరెంటు పోయినప్పుడు, హైదరాబాద్ బస్సులో కూర్చున్నప్పుడు కళ్లు మూసుకుని ఒళ్లో వేళ్లు కదిలించండి. స్వరం లోపల వినిపించాలి. ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని, ఇంటికెళ్లాక ఆ బార్ మాత్రమే చూసుకోండి.

మర్నాడు పొద్దున నోట్స్ తెరవకముందే ఒకసారి వాయించండి. అసలు పరీక్ష అదే. ఆగిన బార్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఆ రోజు సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి.